రెండు డాలర్ల పిస్టల్

తడి తగలకుండా మైనం పూసిన చిన్న అట్టపెట్టె. మూత తీస్తే అందులో రేకుతో చేసిన మొరటు పిస్టల్ ఒకటి, పది తూటాలు, ఒక కర్రపుల్ల, మడతపెట్టిన కాగితం. ఆ కాగితం మీద ఒక్క అక్షరం కూడా ఉండదు, అన్నీ బొమ్మలే. తూటా ఎక్కడ పెట్టాలో, వెనక భాగాన్ని ఎలా లాగాలో, పేలిన తర్వాత ఖాళీ తొడుగును పుల్లతో ఎలా బయటికి నెట్టాలో బొమ్మల్లోనే ఉంటుంది. ఈ పెట్టె ఫ్రాన్స్‌లో ఒక రైతుకు దొరకొచ్చు, చైనాలో ఒక కూలీకి దొరకొచ్చు, ఫిలిప్పీన్స్‌లో ఒక జాలరికి దొరకొచ్చు. ఎవరికి దొరికినా ఏ భాషా రాకపోయినా, చదువే లేకపోయినా అర్థం కావాలి. అందుకే అక్షరాలు వద్దనుకున్నారు.

ఆ పిస్టల్ పేరు ఎఫ్‌పి-45. లోకానికి ‘లిబరేటర్’గానే తెలుసు. అంటే విమోచకుడు. రెండో ప్రపంచయుద్ధంలో శత్రువు ఆక్రమించిన దేశాల్లో రహస్యంగా పోరాడేవాళ్ల కోసం అమెరికా తయారుచేసింది. ఒక్కోదానికి అప్పట్లో అయిన ఖర్చు రెండు డాలర్ల పది సెంట్లు. ఈనాడు పాత ఆయుధాలు సేకరించేవాళ్లు దీనికోసం వేల డాలర్లు పెడుతున్నారు. పెట్టె, పుల్ల, బొమ్మల కాగితం కూడా ఉంటే ధర ఇంకా పైకి పోతుంది.

ఈ ఆలోచన ఒక పోలండ్ అధికారి నుంచి వచ్చింది. 1939 సెప్టెంబరులో జర్మనీ ఒకవైపు నుంచి, సోవియట్ యూనియన్ ఇంకోవైపు నుంచి పోలండ్‌ను మింగేశాయి. దేశం పటం మీద లేకుండా పోయినా దాని ప్రవాస ప్రభుత్వం, విదేశాల్లోని దాని సైనిక ప్రతినిధులు పని ఆపలేదు. అమెరికాలో ఉన్న పోలండ్ సైనిక ప్రతినిధి 1942 మార్చిలో అక్కడి వాళ్లకు ఒక సూచన చేశాడు. ఆక్రమణ కింద నలుగుతున్న జనానికి చవక తుపాకులు లెక్కలేనన్ని అందించాలన్నది ఆయన మాట. అమెరికా సైన్యంలో దీన్ని అందుకున్నది మానసిక యుద్ధతంత్రం చూసే సంయుక్త సంఘం. తుపాకీతో ఎంతమందిని చంపుతారన్న లెక్క కంటే, ఎవరి జేబులో తుపాకి ఉందో తెలియక ఆక్రమించిన సైనికుడు ఎంత భయపడతాడన్న లెక్కే ఆ సంఘానికి ముఖ్యం. రోడ్డు పక్కన రొట్టెలమ్మే ముసలాయన దగ్గర కూడా పిస్టల్ ఉండొచ్చని అనుమానం కలిగిందంటే, ఆ సైనికుడికి ఇక ఆ ఊళ్లో కంటిమీద కునుకు ఉండదు.

నమూనా గీసింది జార్జ్ హైడ్. జర్మనీ నుంచి అమెరికాకు వలస వచ్చిన తుపాకుల నిపుణుడు. జనరల్ మోటార్స్‌కు చెందిన ఇన్‌లాండ్ విభాగంలో పనిచేసేవాడు. తయారీ పని మాత్రం ఎవరూ ఊహించని చోటికి వెళ్లింది. ఇండియానా రాష్ట్రంలోని అండర్సన్ పట్టణంలో గైడ్ ల్యాంప్ అనే ఫ్యాక్టరీ ఉండేది. అదీ జనరల్ మోటార్స్‌దే. అక్కడ చేసేవి కార్ల హెడ్‌లైట్లు. తుపాకుల కంపెనీని వదిలేసి హెడ్‌లైట్ల ఫ్యాక్టరీకి ఇవ్వడంలో అర్థం ఉంది. ఇక్కడ కావలసింది ఉక్కు దిమ్మను గంటల తరబడి చెక్కే నేర్పు కాదు, రేకును అచ్చుకొట్టి వంచి అతికి లక్షల్లో ఒకేలాంటి వస్తువులు తీసే నేర్పు. హెడ్‌లైట్లు చేసేవాళ్లకు అది వెన్నతో పెట్టిన విద్య.

పని బయటపడకుండా పేర్లు మార్చారు. ఎఫ్‌పి అంటే ‘ఫ్లేర్ ప్రొజెక్టర్’, ఆకాశంలోకి సంకేతాల వెలుగు వదిలే పరికరం. డ్రాయింగుల్లో గొట్టాన్ని ట్యూబ్ అన్నారు. ట్రిగ్గర్‌ను యోక్ అన్నారు, తూటాను పేల్చే సూదిని కంట్రోల్ రాడ్ అన్నారు, ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీని స్పానర్ అన్నారు. ఆ కాగితం ఎవరి చేతిలో పడినా అది పిస్టల్ అని పట్టుకోవడం కష్టం.

1942 జూన్ నుంచి ఆగస్టు వరకు, పదకొండు వారాల్లో, సుమారు 300 మంది కార్మికులు పది లక్షల పిస్టళ్లు తయారుచేశారు. ఈ అంకె మీద ఒక్క క్షణం ఆగాలి. పదకొండు వారాలంటే 77 రోజులు. రాత్రీ పగలూ కలిపి 66 లక్షల 50 వేల సెకన్లు. సగటున 6.6 సెకన్లకు ఒక పిస్టల్ బయటికి వచ్చినట్టు. దీన్ని ఒకసారి పేల్చి, ఖాళీ తొడుగు తీసి, మళ్లీ తూటా పెట్టడానికి పది సెకన్ల దాకా పడుతుంది. నింపడానికి పట్టే సమయం కంటే తక్కువ సమయంలో తయారైన తుపాకి ఇదొక్కటేనని ఆయుధాల చరిత్ర తెలిసినవాళ్లు చెప్పుకునేది అందుకే.

మొత్తం 23 భాగాలు. బరువు అరకిలో కంటే కాస్త తక్కువ. గొట్టం నాలుగు అంగుళాలు. మామూలు పిస్టల్ గొట్టం లోపల మెలితిరిగిన గాడులు ఉంటాయి, అవి తూటాను గిరగిర తిప్పి గురి తప్పకుండా పంపుతాయి. లిబరేటర్ గొట్టం లోపల నున్నగా ఉంటుంది, గాడులు లేవు. కాబట్టి ఏడెనిమిది మీటర్లు దాటితే గురి మీద ఆశ పెట్టుకోవడానికి లేదు. పేలేది ఒకే తూటా. మిగతావాటిలో ఐదింటిని పిడి లోపలి ఖాళీలో దాచుకోవచ్చు. అమెరికా సైన్యం తన పిస్టళ్లలో వాడే .45 తూటానే ఇందులోనూ పెట్టారు. దాని దెబ్బ పెద్దది. అంత చవక రేకు పిస్టల్‌లోంచి అంత బరువైన తూటా పేలితే పట్టుకున్న చేతికి కూడా గట్టిగానే తగులుతుంది.

యుద్ధానికి పనికొచ్చే ఆయుధం కాదని చేసినవాళ్లకూ తెలుసు. ఇది మరో తుపాకి సంపాదించుకోవడానికి ఇచ్చిన తుపాకి. ఒంటరిగా దొరికిన శత్రు సైనికుడి దగ్గరికి మామూలు మనిషిలా వెళ్లి, ఒక్క దెబ్బ కొట్టి, అతని రైఫిల్ తీసుకుని మాయం కావాలి. ఆ తర్వాత లిబరేటర్‌ను పారేయొచ్చు, లేదా ఇంకొకరి చేతిలో పెట్టొచ్చు.

కాగితం మీద చదివితే ఈ పథకం తేలిగ్గా ఉంటుంది. నిజంగా చేయాలంటే మాత్రం సాయుధుడైన సైనికుడికి చేయి చాచితే తగిలేంత దూరంలోకి వెళ్లాలి. గురి తప్పితే రెండో అవకాశం లేదు. తప్పకపోయినా ఆ మోతకు చుట్టుపక్కల ఉన్న గస్తీ అంతా పరుగెత్తుకొస్తుంది. జర్మన్లు ఒక సైనికుడి చావుకు బదులుగా పదుల సంఖ్యలో ఊరివాళ్లను కాల్చిచంపిన కాలం అది. పెట్టెలోని బొమ్మల్లో ఆ మూల్యం కనిపించదు. దూరదేశంలో బల్ల దగ్గర కూర్చుని వేసిన లెక్కకు, ఊళ్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నవాడి లెక్కకు మధ్య ఎంత దూరం ఉందో ఈ పిస్టల్‌లా చూపించే వస్తువు ఇంకొకటి లేదు.

ఆ దూరమే చివరికి లిబరేటర్ భవిష్యత్తును తేల్చేసింది. పది లక్షల్లో దాదాపు సగం బ్రిటన్‌కు చేరాయి. ఐరోపాలో మిత్రదళాలను నడిపిన జనరల్ ఐసెన్‌హోవర్ సిబ్బందికి వాటిని ఆకాశం నుంచి కురిపించడంలో ప్రయోజనం కనిపించలేదు. ఫ్రాన్స్ ప్రతిఘటన దళాలకు పంచడానికి ఒప్పుకున్నవి పాతిక వేలు కూడా లేవు. చైనాలో జనరల్ స్టిల్‌వెల్, పసిఫిక్‌లో జనరల్ మెక్‌ఆర్థర్ కూడా పెద్దగా ఉత్సాహం చూపలేదు. అయినా కొన్ని చైనాకు వెళ్లాయి, కొన్ని ఫిలిప్పీన్స్ గెరిల్లాలకు అందాయి. నాలుగున్నర లక్షలు అమెరికా గూఢచార సంస్థ ఓఎస్‌ఎస్‌కు అప్పగించారు. ఎవరు ఎక్కడ వీటితో ఎవరిని కాల్చారో నమ్మదగ్గ ఆధారాలతో చెప్పే ఉదంతాలు చాలా అరుదు. యుద్ధం ముగిశాక ఎక్కువ భాగాన్ని కరిగించారు, లేదా సముద్రంలో పడేశారు.

ప్రతిఘటన యోధుల కోసం ఆయుధాలు చేయడంలో బ్రిటన్ వేరే దారి పట్టింది. 1940 జూలైలో అక్కడ ఎస్‌ఓఈ అనే రహస్య సంస్థ పుట్టింది. ఆక్రమిత దేశాల్లోకి మనుషుల్ని దింపడం, విధ్వంసం చేయించడం, స్థానిక దళాలకు ఆయుధాలు అందించడం దాని పని. ఆ సంస్థ తరఫున ఫ్రాన్స్‌లో దిగిన వైర్‌లెస్ ఆపరేటర్లలో నూర్ ఇనాయత్ ఖాన్ ఒకరు. ఆమె తండ్రి ఇనాయత్ ఖాన్ సూఫీ విద్య నేర్చుకున్నది హైదరాబాద్‌లో, సయ్యద్ అబూ హాషిం మదనీ దగ్గర. 1943 జూన్‌లో ఫ్రాన్స్ గడ్డ మీద కాలుపెట్టిన నూర్‌ను 1944 సెప్టెంబరులో దాహౌ నిర్బంధ శిబిరంలో చంపేశారు. జార్జ్ క్రాస్ పతకం ఆమె మరణానంతరం 1949లో వచ్చింది. ఇలాంటి మనుషులను పంపే సంస్థకు చప్పుడు చేయని, పట్టుబడని పరికరాలు కావాలి.

వాటిని తయారుచేసిన చోటు లండన్‌కు ఉత్తరాన వెల్విన్ దగ్గరున్న ఫ్రైత్ అనే పెద్ద భవనం. రహస్య కాగితాల్లో స్టేషన్ 9. అక్కడ పుట్టిన వస్తువుల పేర్లు చాలావరకు ఊరిపేరులోని ‘వెల్’తోనే మొదలవుతాయి. మడతపెట్టే మోటారు సైకిల్ వెల్‌బైక్, ఒక్క మనిషి నడిపే జలాంతర్గామి వెల్‌మన్, చప్పుడు చేయని పిస్టల్ వెల్‌రాడ్. చూడటానికి వెల్‌రాడ్ పిస్టల్‌లా ఉండదు. పిడి ఊడదీస్తే సైకిల్‌కు గాలికొట్టే పంపు అనుకోవాల్సిందే. దాని మీద తయారీదారు పేరు ఉండదు, పట్టుబడితే ఏ దేశానిదో చెప్పలేరు. లిబరేటర్ లక్షలమందికి ఒకేసారి ఇద్దామనుకున్న ఆయుధం. వెల్‌రాడ్ శిక్షణ పొందిన కొద్దిమంది కోసం చేసిన ఆయుధం. అందుకే రెండోది నిజంగా వాడకంలోకి వచ్చింది, యుద్ధం తర్వాత కూడా చాలాకాలం నిలిచింది. మామూలు దళాలకు మాత్రం బ్రిటన్ విమానాలు ఎక్కువగా జారవిడిచింది స్టెన్ గన్‌ను. అదీ చవక రేకు వస్తువే, కానీ ఒకదాని వెంట ఒకటి తూటాలు కురిపిస్తుంది. స్టెన్ అందుతున్న చోట ఒక్క తూటా పిస్టల్‌ను కోరుకునేవాడు ఎవడుంటాడు?

ఇక ఆలోచన పుట్టిన పోలండ్ సంగతి. ఆ దేశంలో ప్రతిఘటన యోధులు బయటినుంచి పెట్టెలు పడేదాకా ఎదురుచూస్తూ కూర్చోలేదు.

రాడోమ్ పట్టణంలో ఒక ప్రభుత్వ ఆయుధ ఫ్యాక్టరీ ఉంది. యుద్ధానికి ముందు అక్కడ విస్ అనే పిస్టల్ తయారయ్యేది. రూపకర్తలు పియోత్ర్ విల్నెవ్‌చిత్స్, యాన్ స్క్షిపిన్‌స్కీ. ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలతో మొదలైన పేరు తర్వాత విస్‌గా స్థిరపడింది. లాటిన్‌లో ఆ మాటకు బలం అని అర్థం. ఆ కాలపు సైనిక పిస్టళ్లలో దాన్ని అత్యుత్తమమైన వాటిలో ఒకటిగా నిపుణులు లెక్కిస్తారు. 1939లో ఫ్యాక్టరీ జర్మన్ల చేతిలో పడింది. కొత్త యజమానులు పిస్టల్ తయారీని మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి తమ సైన్యం కోసం. బల్లల దగ్గర పనిచేసే చేతులు మాత్రం పాత పోలిష్ కార్మికులవే.

ఆ కార్మికులు భాగాలు దొంగిలించారు. ఇవాళ ఒక స్ప్రింగు, రేపు ఒక ట్రిగ్గర్, ఎల్లుండి ఒక చట్రం. గేటు దాటించి పోలండ్ రహస్య సైన్యానికి అందించారు. జర్మన్లకు అనుమానం వచ్చింది. 1942 అక్టోబరులో రాడోమ్‌లో బహిరంగంగా ఉరికంబాలు ఎత్తారు. ఫ్యాక్టరీ కార్మికులనూ, వాళ్లతో సంబంధం ఉందన్న వాళ్లనూ అందరూ చూస్తుండగా ఉరితీశారు. అండర్సన్‌లో పది లక్షల పిస్టళ్ల పని పూర్తయి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. ఒక ఊళ్లో కార్మికులంతా కలిసి ఏడు సెకన్లలోపే ఒక తుపాకి తీశారు, ఇంకో ఊళ్లో కార్మికుడు ఒక్క తుపాకి భాగాల కోసం మెడ ఇస్తున్నాడు.

తర్వాత జర్మన్లు గొట్టాల తయారీని ఆస్ట్రియాలోని స్టైర్ ఫ్యాక్టరీకి మార్చారు. గొట్టం లేని పిస్టల్‌ను దొంగిలించి ఏం చేసుకుంటారన్నది వాళ్ల ధీమా. పోలిష్ వాళ్లు వార్సాలో రహస్యంగా గొట్టాలు కూడా చేసుకోవడం మొదలుపెట్టారు. అలా జోడించిన కొన్ని వందల విస్ పిస్టళ్లు 1944 ఆగస్టు 1న మొదలై 63 రోజులు సాగిన వార్సా తిరుగుబాటులో యోధుల చేతుల్లో ఉన్నాయి. అదే వార్సాలో రహస్య దళం సొంతంగా ఒక సబ్‌మెషిన్ గన్ కూడా చేసుకుంది. పేరు బ్వీస్కవిత్స, అంటే మెరుపు. ఇంజనీర్లు వాత్స్వావ్ జవ్రోత్నీ, సెవెరిన్ వీలానియర్ దాని నమూనా గీశారు. భాగాలను వెల్డింగుతో అతకకుండా మరలు, స్క్రూలతో బిగించేలా రూపొందించారు. దానివల్ల ఊళ్లోని చిన్నచిన్న వర్క్‌షాపుల్లో, ఎవరికీ తాము చేసేది పూర్తిగా తెలియకుండానే, భాగాలు విడివిడిగా చేయించడం కుదిరింది. సుమారు 700 తయారయ్యాయి. నాజీల ఆక్రమణలోని నగరంలో రహస్యంగా రూపుదిద్దుకుని వందల్లో తయారైన తుపాకి అది. ఆ ఏడు వందలు అమెరికా పది లక్షల కంటే ఎక్కువ పనిచేశాయి.

ఈ చరిత్ర అంతా తెలిస్తేనే సేకర్తల లోకం అర్థమవుతుంది. విస్ పిస్టళ్లలో అన్నిటికంటే విలువైనవి యుద్ధానికి ముందువి. వాటి మీద పోలండ్ గద్ద బొమ్మ, తయారైన సంవత్సరం చెక్కి ఉంటాయి, నునుపు అద్దంలా ఉంటుంది. ఆక్రమణ కాలంలో మూడు లక్షలకు పైగా తయారయ్యాయి. వాటి మీద గద్ద ఉండదు, జర్మన్ సైనిక తనిఖీ ముద్రలుంటాయి. యుద్ధం ముదిరేకొద్దీ వాటి పనితనం నాసిరకమవుతూ వచ్చింది. కొన్ని మీటలు, గాడులు కూడా తీసేశారు. ఒక పిస్టల్‌ను చేతిలోకి తీసుకుని ఏ సంవత్సరంలో, ఎవరి అదుపులో తయారైందో నిపుణుడు చెప్పగలుగుతాడు.

లిబరేటర్‌తో కష్టం అక్కడే ఉంది. దాని మీద కావాలనే ఏ ముద్రా వేయలేదు. తయారీదారు పేరు లేదు, దేశం పేరు లేదు. ఒకప్పుడు రహస్యం కోసం చేసిన ఆ పని ఈనాడు కొనేవాడికి తలనొప్పి. పిస్టల్ దొరికినా పెట్టె దొరకదు. అట్ట కాబట్టి చాలావరకు చిరిగిపోయాయి, తడిసి పాడైపోయాయి. బొమ్మల కాగితం ఇంకా అరుదు. అందుకే దొంగ కాగితాలు అచ్చువేసి అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. వాటిని అసలువాటి నుంచి వేరుచేయడం నిపుణులకు కూడా అంత తేలిక కాదు. చరిత్ర మీద మక్కువతో అసలుదానిలాగే కొత్తగా చేసిన నకళ్లు కూడా అమెరికాలో అమ్ముడవుతున్నాయి. వాటిలో నిజాయితీగా చేసినవాటికి గొట్టం లోపల గాడులుంటాయి, తయారీదారు పేరు, వరుస సంఖ్య ఉంటాయి. నకలు అని ఒప్పుకునే నకలుతో ఎవరికీ నష్టం లేదు.

లిబరేటర్ ఆలోచన ఒకసారి మళ్లీ తలెత్తింది. 1960ల మొదట్లో వియత్నాం కోసం సీఐఏ డీర్ గన్ అనే ఒక తూటా పిస్టల్ చేయించింది. అల్యూమినియంతో పోతపోసింది. దానిలోనూ అక్షరాలు లేని బొమ్మల కాగితమే పెట్టారు. వెయ్యి దాకా తయారయ్యాక యుద్ధం బహిరంగ యుద్ధంగా మారిపోయి, దాని అవసరం లేకుండా పోయింది. చాలావాటిని నాశనం చేశారు. మిగిలినవి లిబరేటర్ కంటే ఎంతో అరుదు.

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం పేలే స్థితిలో ఉన్న పిస్టల్ ఎంత పాతదైనా లైసెన్సు లేకుండా ఇంట్లో ఉంచుకోవడం నేరం. వీటిపై ఆసక్తి ఉన్న తెలుగువాళ్లు పుస్తకాల్లో చదవాలి, విదేశాలకు వెళ్లినప్పుడు మ్యూజియంలలో చూడాలి. అమెరికాలో ఉండే మనవాళ్లలో పాత వస్తువుల సంతలకు వెళ్లే అలవాటున్నవాళ్లకు ఒక మాట. అక్కడ గాజుబల్ల కింద లిబరేటర్ కనిపిస్తే ధర చీటీ మీద చూపు ఆగిపోనివ్వకండి. ఆ పిస్టల్ చాలావరకు ఎవరి చేతికీ అందకుండానే మిగిలిపోయిందనీ, పక్కనే విస్ కనిపిస్తే దాని భాగాల కోసం మనుషులు ఉరికంబం ఎక్కారనీ గుర్తుంచుకోండి.

అండర్సన్‌లోని ఆ హెడ్‌లైట్ల ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు. రాడోమ్‌లో ఆయుధాల తయారీ మాత్రం నేటికీ సాగుతోంది. పోలండ్ సైన్యం కోసం అక్కడ తయారవుతున్న కొత్త పిస్టల్ పేరు విస్ 100.